కవచం మాటల పుట్టుక వెతకడం ఎలా? మొదటి నుంచి చివరి దాకా

కవచానికి పాత తెలుగు పేరైన మైమరువుకూ, మైమరపుకూ సంబంధం ఉందా? పేరు చివర వచ్చే వర్మ నిజంగా కవచమేనా? డాక్టర్లు ఛాతీని థొరాక్స్ అంటారు కదా, అది గ్రీకులో కవచం పేరంటే నమ్మొచ్చా? ఇలాంటివి అడుగుతూనే ఉన్నారు. ఒక్కో మాటకు జవాబు చెప్పుకుంటూ పోయే కన్నా, ఎవరికి వారు తేల్చుకునే పద్ధతి రాసిపెడితే మంచిదనిపించింది.

ఈ మాటలతో ఒక చిక్కుంది. వస్తువు మారిపోతుంది, పేరు మాత్రం మిగిలిపోతుంది. తోలు పోయి ఇనుము వచ్చినా తోలు పేరే నడుస్తుంది. మెడకు పెట్టిన పేరు నడుము దాకా దిగుతుంది. కాబట్టి పనిలో వరుస తప్పకూడదు: ముందు వస్తువు, తర్వాత పాత ప్రయోగం, ధాతువు ఆ తర్వాతే. చాలామంది ధాతువుతో మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

ఏ ఒక్క నిఘంటువుతోనూ పని పూర్తి కాదు. ఏది దేనికి పనికొస్తుందో తెలిస్తే సగం టైమ్ మిగులుతుంది.

- అమరకోశం, క్షత్రియవర్గం: సంస్కృత పర్యాయపదాల కోసం. తేడాలు చెప్పదు, పేర్లు మాత్రమే వరసగా ఇస్తుంది.
- మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు, 1899: మాట ఏ గ్రంథంలో వచ్చిందో పొట్టి గుర్తులతో చూపిస్తుంది. ‘ఎల్’ అనే గుర్తుంటే ఆ అర్థం పాత కోశకారులు చెప్పినదే తప్ప, గ్రంథంలో ప్రయోగం చూపలేదని.
- బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం: తెలుగు మాటలకు, పాత అర్థాలకు.
- బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, రెండో కూర్పు 1984: తెలుగు మాటకు తమిళ, కన్నడాల్లో ఉన్న చుట్టాల కోసం.
- ప్లాట్స్ ఉర్దూ, హిందీ నిఘంటువు, 1884: జిరహ్, బఖ్తర్ లాంటి కవచం పేర్లు ఫారసీ దారిన వచ్చాయా అని చూడటానికి.
- ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు: తేదీలతో సహా ప్రయోగాలు ఇస్తుంది కాబట్టి యూరప్ మాటలకు.

ఒక నోట్‌బుక్‌లోనో స్ప్రెడ్‌షీట్‌లోనో ప్రతి మాటకూ ఈ గడులు గీసుకోండి: మాట, పాత వర్ణక్రమం, తొలి ప్రయోగం, అక్కడి అర్థం, వస్తువు రూపం, ముక్కలు, వచ్చిన దారి, నమ్మకం ఎంత. చివరి గడిని ఖాళీగా వదలకండి. ‘ఖాయం’, ‘బలమైన ఊహ’, ‘ఊహ’ అనే మూడు మాటలు దానికి చాలు.

## 2. మాట ఏ వస్తువును చెబుతోందో ముందు తేల్చండి

‘కవచం’ అని రాసేసి ముందుకు పోతే తర్వాత అన్నీ తప్పుతాయి. ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, ఒంటి మీద ఎంత మేర? ఎదురు రొమ్ము వరకేనా, వీపు కూడానా, మొండెం మొత్తమా, తల నుంచి కాలి దాకానా?

రెండు, దేనితో ఎలా చేశారు? స్థూలంగా ఐదు రకాలు: పలకలు, ఉంగరాల అల్లిక, పొలుసులు, దూది కూరి కుట్టిన దళసరి చొక్కా, గుడ్డ లోపల చిన్న రేకులు పెట్టి మేకులు కొట్టిన కోటు.

అర్థశాస్త్రం రెండో అధికరణంలోని ఆయుధాగారం అధ్యాయం ఈ అడుగుకు మంచి సాధన. అక్కడ లోహజాలిక, పట్టం, కవచం, సూత్రకం వేరువేరు వస్తువులు. లోహజాలిక అంటే లోహపు వల, అంటే అల్లిక రకం. ఆ వెంటనే శిరస్త్రాణం, కంఠత్రాణం, కూర్పాసం, కంచుకం, వారవాణం, పట్టం, నాగోదరిక అని ఇంకో వరస ఉంటుంది. ఈ జాబితాలో ‘కవచం’ ఒక్క రకం పేరు మాత్రమేనని గమనించండి. మనం ఇవాళ అన్నిటికీ కలిపి వాడే మాట అక్కడ అలా లేదు.

ఇక్కడే ఒక ముల్లు కూడా ఉంది. నాగోదరికను శామశాస్త్రి తన 1915 ఇంగ్లిష్ అనువాదంలో చేతి తొడుగు అన్నారు. నిఘంటువులు చూస్తే నాగోదరం రొమ్ముకో పొట్టకో రక్షణ. ‘ఉదరం’ కనిపిస్తోంది కాబట్టి పొట్టదే అని తీర్పు చెప్పాలనిపిస్తుంది. ఆగండి. రెండూ రాసుకుని, నమ్మకం గడిలో ‘ఊహ’ అని పెట్టి ముందుకు పొండి.

## 3. పాత ప్రయోగం పట్టుకోండి

మాట ఇప్పుడు ఏమంటోందో కాదు, మొదట దొరికిన చోట ఏమందో కావాలి.

సన్నాహం చూడండి. ఇవాళ ‘పెళ్లి సన్నాహాలు’ అంటాం, ‘ఎన్నికలకు సన్నద్ధం’ అంటాం. సంస్కృతంలో సన్నాహం అంటే కవచం కూడా. సమ్ అనే ఉపసర్గకు నహ్ అనే ధాతువు చేరింది, నహ్ అంటే కట్టు. కవచం బిగించి కట్టుకున్నవాడు సన్నద్ధుడు. అమరకోశం ఇదే చెబుతుంది: ‘సన్నద్ధో వర్మితః సజ్జో దంశితో వ్యూఢకంకటః’. ఇవన్నీ కవచం తొడుక్కున్నవాడి పేర్లే. యుద్ధానికి సిద్ధపడటం నుంచి ఏ పనికైనా సిద్ధపడటం దాకా అర్థం సాగింది. కాలికి కట్టుకునే చెప్పుకు సంస్కృతంలో ఉన్న ఉపానహ్ అనే పేరులోనూ ఈ నహ్ ధాతువే ఉంది.

కూర్పాసం ఇంకోలా ఉంటుంది. అర్థశాస్త్రంలో మొండేనికి రక్షణ. అమరకోశంలో ‘చోలః కూర్పాసకోఽస్త్రియామ్’, అంటే రవిక లాంటిది. ‘కవచం కాస్తా రవికైంది’ అని రాసేయడానికి చేయి లాగుతుంది. కానీ పొట్టి చొక్కా అనే మామూలు అర్థం ముందే ఉండి, ఒకచోట సైనికుడి బట్టకూ మరోచోట ఆడవాళ్ల బట్టకూ చేరి ఉండొచ్చు. రెండు ప్రయోగాలు దొరికినంత మాత్రాన ఏది దేనిలోంచి వచ్చిందో తేలదు.

ఈ అడుగులో సరిచూసుకోవాల్సినవి:

- తొలి ప్రయోగం గ్రంథంలోదా, కోశంలోదా?
- వాక్యం మొత్తం చదివారా, మాట ఒక్కటే చూశారా?
- పద్యంలో ఉంటే ఉపమానమా, అసలు వస్తువా?
- పక్కనున్న మాటలు ఏ పదార్థాన్నయినా చెబుతున్నాయా?

ఉదాహరణకు ఋగ్వేదం ఆరో మండలం 75వ సూక్తం యుద్ధ సామగ్రి గురించినది. మొదటి మంత్రంలోనే ‘వర్మీ’, అంటే వర్మ తొడుక్కున్నవాడు, మేఘంలా కనిపిస్తాడని ఉంది. పోలిక ఉన్నా వర్మ మాత్రం అసలు వస్తువే. అదే సూక్తంలో చేతికి కట్టుకునే హస్తఘ్నం కూడా వస్తుంది. ఇలాంటి చోటు దొరికితే పేజీ అంతా రాసి పెట్టుకోండి.

## 4. ఇప్పుడు మాటను విడదీయండి

సంస్కృత సమాసాలు సాధారణంగా సాఫీగానే విడిపోతాయి, సంధి తెలిస్తే.

- ఉరశ్ఛదం: ఉరస్, ఛదం. రొమ్మును కప్పేది.
- తనుత్రం: తను, త్ర. ఒంటిని కాపాడేది. త్రాణం, గోత్రం, ఛత్రం అన్నీ ఒకే త్ర అనుకోవద్దు. ఒక్కోటి విడిగా చూడాలి.
- వర్మ: వృ అంటే కప్పు, దానికి మన్ ప్రత్యయం. కృ నుంచి కర్మ, ధృ నుంచి ధర్మ వచ్చినట్టే ఇదీ. ఆవరణం, ఆవృతం కూడా ఈ వృ పిల్లలే. పేరు చివరి వర్మ కవచమే, సందేహం అక్కర్లేదు.

కవచం మాత్రం ఇంత తేలిగ్గా లొంగదు. దానికి ధాతువు అతికించే ప్రయత్నాలు చాలా ఉన్నాయి గానీ వర్మకు కుదిరినట్టు కుదరలేదు. ‘వ్యుత్పత్తి తేలలేదు’ అని రాయడం ఓటమేమీ కాదు.

తెలుగు మాటల దగ్గర పాత వర్ణక్రమమే దిక్కు. మైమరువు అసలు రూపం మైమఱువు. మై అంటే ఒళ్లు, మఱువు అంటే కప్పేది, మరుగు చేసేది. మైమరపులో ఉన్నది మఱచు, అంటే ఒళ్లు మరచిపోవడం. రెండింటిలోనూ బండి ఱ ఉంది కాబట్టి ఆ అక్షరం ఒక్కటే చూస్తే తేడా తేలదు. చివరి ముక్క, వాక్యంలో అర్థం రెండూ చూడాలి. తమిళం ఇక్కడ గొప్పగా సాయపడుతుంది. అక్కడ మెయ్ అంటే ఒళ్లు, మఱై అంటే మరుగు. మెయ్మ్మఱై అంటే కవచం, సంగసాహిత్యంలోని పదిఱ్ఱుప్పత్తులోనే ఉంది. చుట్టం అంత పాతగా, అంత దగ్గరగా దొరికితే నమ్మకం గడిలో ‘ఖాయం’ అని రాసుకోవచ్చు.

మరో తెలుగు మాట జోడు. కళ్లజోడు, కాలిజోడు తెలుసు. పాత తెలుగులో జోడు అంటే కవచం కూడా. ఎదుర ఒక పలక, వెనక ఒక పలక, జత కాబట్టి జోడు అన్నారని అనుకోవడం సహజం. అందంగానే ఉంది. అయినా అలా చెప్పే ప్రయోగం చేతికొచ్చే దాకా దాన్ని ‘ఊహ’ గడిలోనే ఉంచండి.

## 5. పేరు దేన్ని చూసి పెట్టారో అడగండి

నా లెక్కలో ఈ పని మొత్తంలో రుచి ఉన్న అడుగు ఇదే. దాదాపు ప్రతి కవచం పేరూ ఏదో ఒక కోణం పట్టుకుని పుడుతుంది. ఆ కోణం దొరికితే పేరు ఎప్పుడు పాతబడిందో కూడా తెలుస్తుంది.

ఒంట్లో చోటు. ఉరశ్ఛదం రొమ్ము పేరు. ఫ్రెంచ్ దారిలో ఇంగ్లిష్‌కు వచ్చిన హాబర్క్ మోకాళ్ల దాకా వేలాడే ఉంగరాల చొక్కా, కానీ దాని మూలమైన ఫ్రాంకుల భాషలోని మాటకు అర్థం ‘మెడ కాపు’. హాల్స్ అంటే మెడ, బెర్గ్ అంటే కాపాడటం. జర్మన్ పాంజర్ ఇంకా విచిత్రం. లాటిన్‌లో పొట్ట అనే అర్థమున్న పాంటెక్స్, పాత ఫ్రెంచ్‌లో పొట్టకు కట్టే పాంసియే, జర్మన్‌లో మొత్తం కవచం, చివరికి యుద్ధ ట్యాంకు. పొట్ట నుంచి ట్యాంకు దాకా ఒక్క అడుగు కూడా అర్థంలేనిది కాదు. దూది చొక్కాకు ఉన్న గాంబెసన్ అనే పేరు వెనకా జర్మానిక్ భాషల్లో పొట్టకు ఉన్న వాంబా అనే మాటే ఉంది. జపనీస్‌లో దో అంటే మొండెం, మొండేనికి తొడిగే కవచం కూడా దో.

పదార్థం. క్యూరాస్ ఫ్రెంచ్ నుంచి వచ్చింది. దాని వెనక లాటిన్ కోరియం, అంటే తోలు. ఉక్కు క్యూరాస్ తొడుక్కున్న గుర్రపు దళం కూడా పేరులో తోలే మోసింది. ఆక్టన్ అనే దూది కవచం పేరు అరబిక్ అల్‌ఖుత్న్ నుంచి స్పానిష్ మీదుగా వచ్చింది. ఇంగ్లిష్ కాటన్ కూడా ఆ ఖుత్నే.

బిగించే పద్ధతి, అల్లిక. లాటిన్ లోరికా, లోరుం అనే తోలు పట్టీ మాటకు చుట్టం. ఉంగరాల అల్లికకు ఇంగ్లిష్‌లో ఉన్న మెయిల్, లాటిన్ మాకులా నుంచి. దానికి మచ్చ అనీ, వల కన్ను అనీ అర్థాలు. రష్యన్ కొల్చుగాలో ఉన్నది ఉంగరం అనే కొల్త్సో.

పోలిక. ఫారసీలో చార్ ఆయినా అంటే నాలుగు అద్దాలు. ముందు, వెనక, రెండు పక్కలు కలిపి నాలుగు ఉక్కు పలకలు. అద్దమేమీ లేదు, మెరిసే నునుపే అద్దమైంది.

తొడిగినవాడు. బ్రిగండీన్ అంటే గుడ్డలో రేకులు కుట్టిన కోటు. పేరు వెనక బ్రిగాండ్ ఉంది. వాడు ముందు కాల్బంటు సైనికుడు, దొంగ అనే అర్థం తర్వాత వచ్చింది. దొంగల కవచం అని రాస్తే తప్పు.

ఎదురయ్యే ప్రమాదం. ఫ్లాక్ జాకెట్‌లోని ఫ్లాక్, విమానాలను కూల్చే ఫిరంగికి జర్మన్‌లో ఉన్న పొడవాటి పేరుకు కుదింపు. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన సిబ్బంది తొడుక్కున్నది దాని ముక్కల నుంచి కాపాడుకోవడానికే.

ఏ కోణమూ పట్టని మాటలు కూడా ఉంటాయి. కెవ్లార్ డ్యూపాంట్ కంపెనీ పెట్టుకున్న బ్రాండ్ పేరు. ఆ పోగును స్టెఫనీ క్వోలెక్ 1965లో కనిపెట్టింది. బ్రాండ్ పేరులో ధాతువు వెతకడం దండగ.

## 6. ఏ దారిన వచ్చిందో గీయండి

ఒక భాష నుంచి ఇంకో భాషకు బాణం గుర్తు వేసుకుంటూ గీయండి. ప్రతి బాణం దగ్గరా రెండు రాయాలి: శబ్దం ఎలా మారింది, అర్థం ఎలా మారింది. ఈ రెండింటిలో ఏదీ చెప్పలేకపోతే ఆ బాణం చెరిపేయండి.

ఇక్కడ బాగా పనికొచ్చే ఉదాహరణ వారవాణం. వారబాణం అనీ రాస్తారు. ‘బాణాలను వారించేది’ అనే విడమరపు వినగానే నచ్చేస్తుంది. సంస్కృతంలో అన్నీ కుదిరిపోయినట్టే ఉంటుంది. పండితుల్లో బలంగా ఉన్న అభిప్రాయం వేరు. ఇరానీ భాషల్లో రొమ్ముకు వర అనే మాట, కాపాడేదానికి పాన. ‘వరపాన’ అంటే రొమ్ము కాపు. మన దేశానికి వచ్చాక తెలిసిన మాటల్లా వినిపించేలా రూపం మారి, బాణం దాంట్లో చేరింది. పరాయి మాటకు సొంత అర్థం తొడగడం అన్ని భాషలూ చేసేదే. పొడవాటి కోటులాంటి ఆ వస్తువు కూడా వాయవ్యం నుంచి వచ్చిన గుర్రపు సేనల వేషానికి దగ్గరగా ఉండటం ఈ అభిప్రాయానికి ఊతమిస్తుంది.

అతికినట్టు కుదిరే వ్యుత్పత్తి కనిపించినప్పుడే ఇంకోసారి వెతకండి. ఇది నేను గట్టిగా నమ్మే నియమం.

స్పానిష్‌లో ఇలాంటిదే మరొకటి. కొరాసా అంటే కవచం, కొరసోన్ అంటే గుండె. గుండెను కాపాడేది కాబట్టి కొరాసా అనిపిస్తుంది. కాదు, అదీ క్యూరాస్ లాగే తోలు కోరియం సంతానం. గుండె మాట వేరే కొమ్మది.

## 7. అర్థం ఎటు జరిగిందో రాయండి: థొరాక్స్‌తో పూర్తి నమూనా

గడులన్నీ ఎలా నిండుతాయో ఒక్క మాటతో చూద్దాం.

- మాట: థొరాక్స్, గ్రీకు.
- తొలి ప్రయోగం: గ్రీస్‌లోని పైలోస్‌లో దొరికిన, లీనియర్ బి అనే పాత గ్రీకు లిపిలో రాసిన మట్టి పలకల మీద ‘తో-ర-కే’ అని బహువచన రూపం. ఆ లిపిని మైకేల్ వెంట్రిస్ 1952లో ఛేదించాడు.
- అక్కడి అర్థం: కవచాల సరుకు జాబితా. తర్వాత హోమర్‌లోనూ కవచమే.
- వస్తువు రూపం: అంతకన్నా పాతదైన దెంద్రా కంచు కవచం 1960లో తవ్వకంలో బయటపడింది, క్రీ.పూ. 15వ శతాబ్దానిది, పలకల రకం.
- అర్థం జరగడం: తర్వాతి గ్రీకు వైద్య రచనల్లో కవచం కప్పే చోటు, అంటే మొండెం, ఛాతీ.
- దారి: గ్రీకు, లాటిన్, అక్కడి నుంచి ఆధునిక వైద్యం. థొరాసిక్ సర్జన్ అక్కడివాడే.
- నమ్మకం: కవచం అర్థమే ముందు దొరుకుతుందన్నది ఖాయం. గ్రీకుకు ముందు ఎక్కడిదన్నది తేలలేదు.

మామూలుగా ఒంటి భాగం పేరు కవచానికి వెళుతుంది. ఇక్కడ కవచం పేరు ఒంటికి వచ్చింది. అందుకే తొలి ప్రయోగం చూడకుండా దిక్కు నిర్ణయించకూడదని అనేది.

అర్థం జరిగే ఇంకో దారి ప్రార్థన. ఇది గమనించనివాళ్లు ఎక్కువ. భాగవతం ఆరో స్కంధంలో నారాయణ కవచం ఉంది. ఇనుము ఊసే లేదు, ఒక్కో అవయవాన్నీ కాపాడమనే స్తోత్రం. పాత ఐర్లండ్ క్రైస్తవుల్లో ఇలాంటి రక్షణ ప్రార్థనను లోరికా అనే పిలిచారు. సెయింట్ పాట్రిక్ పేర చెప్పేది వాటిలో ప్రసిద్ధం. ముస్లింలలో జౌషన్ కబీర్ అనే ప్రార్థన ఉంది. జౌషన్ అంటే కవచం, కబీర్ అంటే పెద్ద. మూడు చోట్లా ఒకే పోలిక విడివిడిగా పుట్టి ఉండొచ్చు. అర్థాలు కలిశాయని ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని రాయకండి.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే తీరు

కంచుకంలో కంచు చూడటం. కంచు సంస్కృత కాంస్యం నుంచి వచ్చింది. కంచుకం వేరే మాట. చొక్కా, కవచం, పాము కుబుసం కూడా దాని అర్థాలే. సరిచేయడం సులువు: తెలుగు రూపంతో పోల్చకుండా రెండింటి సంస్కృత రూపాలు పక్కపక్కన రాసి చూడండి.

మెయిల్ అంతా ఒకటే అనుకోవడం. ఉత్తరాల మెయిల్ సంచి అనే అర్థమున్న వేరే మాట. వర్ణక్రమం కలిసింది, అంతే.

శ్లోకంలో ఒక జాబితా ఎక్కడ ముగిసి ఇంకోటి మొదలవుతుందో చూడకపోవడం. అమరకోశంలో ‘శీర్షణ్యం చ శిరస్త్రేఽథ తనుత్రం వర్మ దంశనమ్’ అని పాదం నడుస్తుంది. ‘అథ’ దగ్గర కొత్త జాబితా మొదలు. దాని ముందున్నవి తలకు పెట్టుకునేవి. తర్వాతి పాదం ‘ఉరశ్ఛదః కంకటకో జాగరః కవచోఽస్త్రియామ్’. కవచం పేర్లు మొత్తం 7. చివరి ‘అస్త్రియామ్’ పేరు కాదు. కవచ శబ్దం స్త్రీలింగంలో లేదు, పుంలింగంలోనూ నపుంసకలింగంలోనూ ఉంటుందన్న వ్యాకరణ సూచన. దాన్ని ఎనిమిదో పేరుగా లెక్కపెట్టినవాళ్లు లేకపోలేదు.

పర్యాయపదాలంటే ఒకే వస్తువనుకోవడం. ఉరశ్ఛదం రొమ్ము వరకే, తనుత్రం ఒంటికంతా అని మాటే చెబుతోంది. కోశం వాటిని ఒకే వరసలో పెట్టింది, అంత మాత్రాన వస్తువులు ఒకటి కావు. రెండో అడుగుకు తిరిగి వెళ్లండి.

పండితులు పెట్టిన పేరును పాతకాలపు పేరనుకోవడం. రోమన్ సైనికుడి పట్టీల కవచాన్ని ఇప్పుడు అందరూ లోరికా సెగ్మెంటాటా అంటారు. లాటిన్‌లా ఉంది కదా అని రోమన్లు అలా అన్నారనుకుంటారు. ఆ పేరు 16వ శతాబ్దంలో పుట్టింది. లోరికా హమాటా, లోరికా స్క్వామాటా మాత్రం పాత లాటిన్‌లో ఉన్నవే. సరిచేయాలంటే మాట పుట్టిన తేదీనీ వస్తువు తేదీనీ వేరు గడుల్లో రాయాలి.

అనువాదాన్ని సాక్ష్యంగా తీసుకోవడం. ఇది కాస్త వివరంగా చెప్పాలి. తెలుగు బైబిల్ ఎఫెసీయులకు రాసిన పత్రికలో ‘సర్వాంగ కవచము’ ఉంది. గ్రీకు పానోప్లియాకు, అంటే మొత్తం ఆయుధ సామగ్రికి, అది అనువాదం. కొద్ది మాటల తర్వాత ‘నీతియను మైమరువు’ వస్తుంది. అక్కడ గ్రీకులో థొరాక్స్. దీన్ని బట్టి మైమరువు అంటే రొమ్ము పలక అని రాస్తే తప్పు. అనువాదకులు మంచి తెలుగు మాట ఎంచుకున్నారు, అంతే. మై అంటే ఒళ్లేగానీ రొమ్ము కాదు. ఎదురు దిశలో ఇంకోటి: నిర్గమకాండంలో ప్రధాన యాజకుడు ధరించే హోషెన్‌ను ఇంగ్లిష్ బైబిళ్లు చాలావరకు రొమ్ము కవచం అనే మాటతో చెప్పాయి. అది 12 రాళ్లు పొదిగిన నేత వస్త్రం. తెలుగులో పతకం అన్నారు, వస్తువుకు అదే దగ్గర. అనువాదం దొరికినప్పుడల్లా మూలంలోని మాటేమిటో పక్కన రాసుకోండి.

పేరులో తోలుంటే వస్తువూ తోలే అనడం. క్యూరాస్ సంగతి పైన చూశాం. మ్యూజియంలో వస్తువును గుర్తించేటప్పుడు వ్యుత్పత్తిని పూర్తిగా పక్కన పెట్టండి.

## 9. రాసి బయటపెట్టే ముందు చెక్‌లిస్ట్

- తొలి ప్రయోగం ఏ గ్రంథంలో, ఏ చోట ఉందో రాశారా?
- ఆ వాక్యం మీరే చదివారా, ఎవరో చెప్పింది తీసుకున్నారా?
- వస్తువు ఒంట్లో ఎంత మేరో, ఏ రకమో చెప్పారా?
- తెలుగు మాటైతే ఱ, ర తేడాతో పాత వర్ణక్రమం చూశారా?
- తమిళంలోనో కన్నడంలోనో చుట్టం ఉందా అని వెతికారా?
- సంస్కృతంలా కనిపించే మాటకు ఇరానీ దారి ఉందేమో చూశారా?
- పేరు ఏ కోణంలో పెట్టారో ఒక్క వాక్యంలో చెప్పగలరా?
- మాట తేదీ, వస్తువు తేదీ కలిసిపోలేదు కదా?
- ఊహకు ఊహ అనే పేరే పెట్టారా?

చివరి ప్రశ్న దగ్గర ఒక మాట. ఊహల్ని తీసేయమని కాదు. జోడు ముందు వెనకల జత నుంచి వచ్చిందన్న ఊహ రాయండి, ఏ ఆధారం దొరికితే అది నిలుస్తుందో కూడా పక్కనే రాయండి: ఉదాహరణకు, రెండు పలకల్ని విడివిడిగా చెప్పి కలిపి జోడు అన్న పాత పద్యం ఒక్కటి. కావ్యాల్లో యుద్ధ ఘట్టాలు బాగా చదివినవాళ్లకు అలాంటిది ఎదురైతే ఏం గడి నింపాలో వెంటనే తెలుస్తుంది.